పండగ దగ్గరపడుతోంది, మనసు మాత్రం కదలట్లేదు

ప్రశ్న: అక్కా, మాది కావలి దగ్గర పల్లెటూరు. బాప్టిస్టు సంఘం. ఆగస్టులో మా అత్తమ్మ పోయింది. పదహారేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. మొదట్లో పడేది కాదు, తర్వాత్తర్వాత ఒకరు రాకుండా ఇంకొకరం అన్నం ముందు కూర్చునేవాళ్లం కాదు. ఇప్పుడు డిసెంబరు వచ్చింది. క్యారల్స్ ప్రాక్టీసు, స్త్రీల సమాజంలో పాటల పోటీ, ఇంటికి సున్నాలు, పిల్లలకు బట్టలు. "క్రిస్మస్ కదా, ఆనందించాలి" అంటున్నారు అందరూ. నోటితో పాడుతున్నాను గానీ లోపల ఏమీ లేదు. ఇది విశ్వాసం తగ్గడమా? ఇంకో మాట. మా పాప సిస్టర్ల స్కూల్లో చదువుతోంది. అక్కడ ఆగమన కాలమని వారానికో కొవ్వొత్తి వెలిగిస్తారట, మనింట్లోనూ పెడదామంటోంది. మన సంఘంలో లేని పద్ధతి, పెట్టొచ్చా?
– ఒక సోదరి

జవాబు: అమ్మాయ్, కొవ్వొత్తి సంగతి ముందు తేల్చేస్తాను. పెట్టుకో. ఆ పద్ధతి మరీ పాతదేం కాదు. 1839లో జర్మనీలోని హాంబుర్గ్‌లో వికెర్న్ అనే లూథరన్ పాదిరి అనాథ పిల్లల కోసం మొదలుపెట్టాడు. క్రిస్మస్ ఎప్పుడెప్పుడని పిల్లలు రోజూ ప్రాణం తీస్తుంటే, బండిచక్రం మీద కొవ్వొత్తులు నిలబెట్టి రోజుకొకటి వెలిగించాడంటారు. పాప ముచ్చట తీర్చు. కర్టెన్లకు దూరంగా పెట్టు, అంతే.

ఇక అసలు విషయం. ఆగమనం అంటే రాక. నవంబరు 30కి దగ్గర్లో వచ్చే ఆదివారంతో మొదలై, క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు. కథోలిక గుళ్లలో ఈ వారాలకు ఊదా రంగు, ఈస్టరుకు ముందు శ్రమల కాలంలో వాడేదే. మూడో ఆదివారం ఒక్కరోజు గులాబీ రంగు. అంటే ఈ కాలాన్ని ఏర్పాటు చేసిన పెద్దలు మొదటి రోజు నుంచే నవ్వమని ఎవర్నీ అడగలేదు. మనమే డిసెంబరు 1కల్లా స్టార్ కట్టి, సౌండు బాక్సులు పెట్టి, 25 వచ్చేసరికి గొంతు పోయి, ఒళ్లు హూనమై ఆరాధనలో తూగుతున్నాం. (నేనూ తూగాను. రెండుసార్లు.)

నేను ఒంగోలులో ముప్పై ఏళ్లు నర్సుగా చేశాను, ఎక్కువ కాలం కాన్పుల వార్డులోనే. కాన్పు గది బయట బెంచీ మీద ఎవరూ నవ్వుతూ కూర్చోరు. ఒకసారి కొండపి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మమ్మ రాత్రంతా పాత నూలు చీర ముక్కల్ని ఒళ్లో పెట్టుకుని మడవడం, విప్పడం, మళ్లీ మడవడం. ఉతికి ఉతికి వెన్నలా అయిన గుడ్డ. "కాసేపు పడుకో పెద్దమ్మా" అంటే "బిడ్డను ఎత్తుకోవాల గదమ్మా" అంది. టెన్షన్‌కి చేతులు వణుకుతున్నాయి, మడత మాత్రం అంచుకు అంచు కలుస్తోంది. ఆమెకు సంతోషం లేదని అంటామా? నీ ముఖం ఇప్పుడు అలాగే ఉండి ఉంటుంది.

"ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అని నీకు వాక్యం చూపించేవాళ్లు ఉంటారు. ఫిలిప్పీయులకు పత్రికలో ఆ మాట రాసినప్పుడు పౌలు బంధకాల్లో, అంటే చెరలో ఉన్నాడు. అదే పత్రిక రెండో అధ్యాయంలో, తన తోటి పనివాడు ఎపఫ్రొదితు జబ్బుపడి చావుకు దగ్గరైనప్పుడు దుఃఖం మీద దుఃఖం కలగకుండా దేవుడు తనను కనికరించాడనీ రాశాడు. ఆ వచనం ఎవరూ క్యాలెండర్ల మీద వెయ్యరు. యెషయా ప్రవక్త కూడా "యెహోవా కొరకు ఎదురు చూచువారు నూతన బలము పొందుదురు" అన్నాడు. ఎదురుచూసేవాళ్లకే ఆ మాట. పోటీలో గెలిచినవాళ్లకని లేదు.

ఎదురుచూపు మన ప్రాంతానికి కొత్త కాదు. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొర దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ సేవకుడిగా మిషనరీ క్లౌ దొర వచ్చి ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్లు! నీకింకా నాలుగు నెలలే.

నా సంగతీ చెబుతాను. 2023 సెప్టెంబరులో మా ఆయన పోయారు. ఆ ఏడాది ఆగమన కాలం డిసెంబరు 3న మొదలైతే, 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా వీధిలో కరెంటు లేదు, ఫోన్లో చార్జింగు లేదు, క్యారల్స్ వాళ్లు రాలేదు. ఒక్క కొవ్వొత్తి పెట్టుకుని కూర్చున్నాను. ఆనందం పొంగుకొచ్చిందని చెబితే అబద్ధం. కానీ చాలా వారాల తర్వాత ఆయన పేరు పెట్టి ప్రార్థనలో ఏడ్చాను, తర్వాత నిద్ర పట్టింది. పొద్దున లేచాక ఆకలేసింది. అంతే జరిగింది. నాకు అప్పుడు అదే చాలా ఎక్కువ.

కాబట్టి పాటల పోటీ ఈ ఏడు మానెయ్. ఎవరేమనుకుంటారో అనుకోకు, నాలుగు రోజులు అనుకుంటారు. సున్నం ముందు గదికి చాలు. అత్తమ్మ దుప్పట్లు, స్వెట్టరు ఇంకా బీరువాలో ఉంటే, రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఇవ్వాలని బాప్తిస్మమిచ్చే యోహాను చెప్పాడు కదా, చలి ముదరకముందే ఎవరికైనా ఇయ్యి. ఒకటి మాత్రం నువ్వు ఉంచుకో.

ఆమె అరిసెలు చేసేదా? చేసే ఉంటుంది. ఈసారి కిలో బియ్యానికే చెయ్యి. 22 రాత్రి నానేసి, 23న నీళ్లు మార్చు, 24 పొద్దున వడేసి పిండి పట్టించు. తడి ఆరకముందే పాకంలో కలపాలి. పాకం నీళ్లలో వేస్తే మెత్తగా ఉండ కట్టాలి, ముదిరితే అరిసెలు రాళ్లే. నూనె నొక్కే చెక్కలు పాప చేతికివ్వు. మధ్యలో ఏడుపొస్తే పొయ్యి తగ్గించి ఏడు.