కొట్టివేసినది దేన్ని?

సందేహం: ‘డాకా’ అనే వలసదారుల ఏర్పాటుపై 2020లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి ‘డాకా రద్దును కొట్టివేసింది’ అని ఒకచోట, ‘డాకాను సమర్థించింది’ అని మరొకచోట చదివాను. రెండూ ఒకటేనా? న్యాయసమీక్షను పునర్విచారణ అనవచ్చా?

సమాధానం: ఒకటి కావు. రెండో వాక్యం తప్పు.

చిన్నతనంలోనే అమెరికా చేరి, పత్రాలు లేకుండా పెరిగినవారిని పంపివేయకుండా 2012లో ఒబామా ప్రభుత్వం చేసిన ఏర్పాటు డాకా. 2017 సెప్టెంబరులో ట్రంప్ ప్రభుత్వం దాన్ని ఎత్తివేసింది. ఆ ఎత్తివేత చెల్లదని సుప్రీంకోర్టు 2020 జూన్ 18న 5-4 మెజారిటీతో తీర్పు చెప్పింది. డాకా మంచిదని గాని, చట్టబద్ధమని గాని అనలేదు. రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి ఉందని ఇరుపక్షాలూ ఒప్పుకొన్నవే. డాకాను నమ్ముకొని చదువులు, ఉద్యోగాలు, సంసారాలు ఏర్పరచుకొన్న సుమారు 7 లక్షల మంది సంగతి ఆలోచించకుండా రద్దు చేయడాన్ని కోర్టు తప్పుపట్టింది. న్యాయసమీక్షలో న్యాయమూర్తి మంత్రి కుర్చీలో కూర్చోడు. నిర్ణయం చట్టానికి లోబడి, తగిన కారణాలతో జరిగిందా అన్నంతవరకే చూస్తాడు. ‘సమర్థించింది’ అన్న ఒక్క మాట ఈ హద్దును చెరిపేస్తుంది.

పునర్విచారణ అనకండి. ఒకసారి విచారించిన కేసునే మళ్లీ విచారిస్తే అది పునర్విచారణ. మన సుప్రీంకోర్టు 137వ అధికరణం కింద తన తీర్పును తానే తిరిగి చూసుకోవడం పునఃసమీక్ష. న్యాయసమీక్షలో కోర్టు ముందుకు వచ్చేది ప్రభుత్వం చేసిన పని.

ఇక ‘కొట్టివేయడం’. పద్దులో రాసినదాని మీద గీత గీసి కొట్టివేస్తాం. కోర్టు పిటిషన్‌ను కొట్టివేస్తే వేసినవాడు ఓడినట్లు. ఉత్తర్వును కొట్టివేస్తే గెలిచినట్లు. ఒకే క్రియ, ఎదురెదురు ఫలితాలు! అందుకే ‘డాకా కేసులో కొట్టివేత’ వంటి శీర్షిక చూస్తే నాకు బాధ కలుగుతుంది. తన బతుకు ఆ తీర్పు మీద ఆధారపడినవాడు దాన్ని చదివి ఏమనుకోవాలి? ‘డాకా రద్దును కొట్టివేసింది’ తప్పు కాదు గాని, రెండు కాదనడాలు కలిసి చదువరిని తడబరుస్తాయి. ‘డాకాను రద్దు చేసిన తీరు చెల్లదన్నది’ అని రాయండి. చెల్లని కాసు తెలిసిన ప్రతివారికీ ఆ మాట తెలుసు.

డాకాను ‘క్రమబద్ధీకరణ’ అనడమూ సరికాదు. అది ఇచ్చేది రెండేళ్ల గడువు, పనిచేసుకొనే అనుమతి మాత్రమే. గడువు తీరితే మళ్లీ దరఖాస్తు. అమెరికాలో 1986లో చేసిన వలస చట్టం పత్రాలు లేని సుమారు 27 లక్షల మందికి శాశ్వత నివాసపు దారి తెరిచింది. క్రమబద్ధీకరణ అంటే అది. ఆ మాట రాసేటప్పుడు ‘ద’ కింద ‘ధ’ వత్తు మరవకండి. ‘బంధ్’ ధాతువు నుంచి వచ్చిన ‘బద్ధ’ శబ్దం కనుక ‘క్రమబద్దీకరణ’ తప్పు.