తులసి అంటే ఆడపేరు కాదా మేడమ్?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. అత్తగారిది తాడిపత్రి దగ్గర పల్లె. మా ఆయనకు బెంగళూరులో ఉద్యోగం. బాబు పుట్టి రెండు నెలలైంది, ఇంకా పుట్టింట్లోనే ఉన్నాను. మా మామ పోయినేడు చనిపోయారు. ఆయన పేరు తులసి. చుట్టుపక్కల ఊళ్లలో తులసన్న అంటే అందరికీ తెలుసు. బాబును చూసినప్పటి నుంచి మా అత్త "మీ మామే మళ్లీ వచ్చినాడు, ఆ పేరే పెట్టాల" అంటోంది. మా ఆయన సరేనన్నాడు. నన్నెవరూ అడగలేదు. నాకైతే తులసి అంటే సీరియల్లో కోడలే గుర్తొస్తుంది. రేపు బెంగళూరు స్కూల్లో ఆడపిల్ల పేరని వీణ్ని ఏడిపించరా? నేను విహాన్ అనుకున్నాను. వద్దంటే పోయిన మనిషిని అవమానించినట్టు చూస్తున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: ముందు పేరు సంగతి. తులసి ఆడపేరే, మగపేరు కూడా. మీ కడప జిల్లాలోనే వేంపల్లెకు చెందిన మాజీ రాజ్యసభ సభ్యుడు తులసిరెడ్డి ఉన్నారు. ఆయన పేరు విని ఎవరూ తికమకపడగా నేను చూడలేదు. తులసీదాసు సంగతి చెప్పే పనే లేదు. మీవాడు పెరగబోయే కర్ణాటకలో మాత్రం తులసి అనగానే చాలామందికి తులసి గౌడ గుర్తొస్తారు. వేల మొక్కలు పెంచి, చెప్పుల్లేకుండా వెళ్లి పద్మశ్రీ అందుకున్న పెద్దావిడ. కాబట్టి మీ అనుమానం ఉత్తది కాదు. అక్కడ కొందరు ఆడపేరే అనుకుంటారు.

మన సీమలో పాత పేర్లు చాలావరకు ఇట్లాంటివే. తిమ్మ, నాగ, ఓబుళ, కదిరి, పెద్ద అనే మొదటి ముక్కలో ఆడా మగా ఉండదు. అది దేవుడిదో, ఊరిదో, వరసదో. చివర అప్ప, అన్న, అమ్మ, అక్క చేరాకే మనిషెవరో తెలిసేది. తిమ్మప్ప మగాడు, తాళ్లపాక తిమ్మక్క అన్నమయ్య భార్య. పీర్ల పండక్కి మొక్కుకున్న హిందువుల ఇళ్లలో ఫకీరప్ప, ఫకీరమ్మ ఇద్దరూ ఉంటారు. మీ మామ కూడా ఊళ్లో ఒట్టి తులసి కాదు కదా, తులసన్న. బడి రిజిస్టరులో ఆ తోక తెగిపోయింది, పేరు మోడుగా మిగిలింది. మీకు వచ్చిన భయం అక్కడిదే. ఆ తోక మళ్లీ తగిలించండి. తులసిరాం అనండి, లేదా మీకు నచ్చిన ఇంకో పేరు పక్కన పెట్టండి.

ఏడిపిస్తారా అంటే, ఏడిపిస్తారు. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు మా క్లాసులో వసంత అని ఒకడుండేవాడు. అసలు పేరు వసంతకుమార్. హాజరు పిలిచే అయ్యవారు సగమే పిలిచేవారు. జూన్ నెలంతా "పోయి ఆడపిల్లోళ్ల బెంచీలో కూర్చోరా" అన్నారు. జులైలో వాడు కబడ్డీలో ఇద్దరిని ఒకేసారి పడగొట్టాక ఆ మాట మళ్లీ వినపడలేదు. దానికి బదులు పొడుగోడా అని మొదలుపెట్టారు, పదో తరగతి దాకా అదే నిలిచింది. విహాన్‌కు ఆ బాధ ఉండదేమో గానీ, పార్కులో విహాన్ అని కేకేస్తే ముగ్గురు పిల్లలు తిరిగి చూస్తారు. అది మీ ఇష్టం.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం వేరు. "నన్నెవరూ అడగలేదు." అడిగి ఉంటే మీరు ఇదే తులసికి ఒప్పుకునేవారేమో కూడా. మీ ఆయన అమ్మకు సరేనన్న రోజే మీకు ఫోన్ చేయాల్సింది. ఆ మాట ఆయనతోనే అనండి, అత్తతో కాదు. ఆమెకు భర్త పోయి ఏడాది. పసివాడి ముక్కులో, చెవుల్లో ఆయన్ను వెతుక్కుంటోంది. ఆ మనిషితో ఆడపేరా మగపేరా అని వాదనకు దిగితే మీరు గెలిచినా ఓడినా ఒకటే.

ఇంకో తమాషా ఉంది. ఉత్తరంలో మామ పేరు రాశారు గానీ, అత్త ముందు నోటితో అనగలరా? ఆమె తన భర్త పేరు ఎప్పుడైనా పలికిందా? పెద్దాయన పేరు పెట్టుకున్న పిల్లవాణ్ని "ఒరే తులసిగా, అన్నం తినరా" అని అరవడం మీ ఇంట్లో సాగుతుందా? చాలా ఇళ్లలో ఇదే జరుగుతుంది. తాత పేరు కాగితం మీద ఉంటుంది, ఇంట్లో అవ్వ "నాయనా" అనో "అబ్బోడా" అనో పిలుస్తుంది, తల్లి మూడో పేరుతో పిలుస్తుంది. అంటే మీ విహాన్‌కు కూడా చోటుంది. అయితే "మామే వచ్చినాడు" అన్న మాటను మాత్రం వాడికి ఊహ తెలిసే వయసుకు తగ్గించాలి. వాడు తప్పు చేస్తే తిట్టడానికి, వాడిష్టం వచ్చిన చదువు చదవడానికి తాత అడ్డం రాకూడదు. ఇది మీ ఆయన చెబితేనే ఆమె వింటుంది.

కంగారు పడాల్సిన గడువేమీ లేదు. పుట్టుక నమోదైన నాటి నుంచి 12 నెలల్లోపు పేరు చేర్పిస్తే రుసుము ఉండదు. ఆ తర్వాత కూడా 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో చేర్చొచ్చు. కానీ ఒకసారి రాయించాక మార్చడం తలనొప్పి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడానికి, ఆధార్‌కు, పాస్‌పోర్టుకు జనన ధ్రువపత్రమే ఆధారం. ఆడా మగా అన్నది అందులో వేరే గడిలో ఉంటుంది, పేరును బట్టి ఎవరూ రాసుకోరు. అసలు చిక్కు ఇంగ్లిషు స్పెల్లింగుతో. తులసిని 'హెచ్'తో ఒకరు, 'హెచ్' లేకుండా ఒకరు, మధ్యలో 'ఏ' ఎగరగొట్టి ఇంకొకరు రాస్తారు. ఒక్కో కాగితం మీద ఒక్కో తీరుగా పడితే పదేళ్ల తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది మీరే.

నిద్ర గురించి రాశారు. రెండు నెలల బిడ్డ తల్లికి నిద్ర చాలకపోవడం మామూలే. కానీ బిడ్డ పడుకున్నా మీకు నిద్ర రాకపోవడం, ఊరికే ఏడుపు రావడం రెండు వారాలు దాటితే పేరు గొడవ అని సరిపెట్టుకోకుండా కాన్పు చేసిన డాక్టరమ్మకు చెప్పండి. మీ అమ్మకూ చెప్పండి.

ఈసారి మీ ఆయన ప్రొద్దుటూరు వచ్చినప్పుడు ఒక తెల్లకాగితం పెట్టుకుని కూర్చోండి. తులసిరాం, తులసి విహాన్, ఇంకా మీ ఇద్దరికీ తోచినవి తెలుగులో, ఇంగ్లిషులో అక్షరం అక్షరం రాయండి. ఒక్కోదాన్ని గట్టిగా కేకేసి చూడండి. ఆ తర్వాత ఇద్దరూ కలిసి అత్తకు ఫోన్ చేయండి. నువ్వు వీణ్ని ఏమని పిలుస్తావమ్మా అని మొదట ఆమెనే అడగండి.