సర్జన్లు పెరిగితే పేద దేశాల్లో ఆపరేషన్లు అందరికీ అందుతాయా?

పేద దేశాల్లో ఆపరేషన్ అందక జనం చనిపోవడానికి సర్జన్ల కొరతే కారణమా, ఇంకా ఎక్కువమందికి శిక్షణ ఇస్తే తీరిపోతుందా అని ప్రశ్న. కొరత ఉన్నమాట నిజం. లక్ష జనాభాకి సర్జన్లు, కాన్పుల డాక్టర్లు, మత్తు డాక్టర్లు కలిపి కనీసం 20 మంది ఉండాలని 2015లో లాన్సెట్ వైద్య పత్రిక వేసిన కమిషన్ చెప్పింది. ఆఫ్రికాలో 25 దేశాల ఆసుపత్రుల్ని చూసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది 0.7. అయినా నా జవాబు తీరదనే. సర్జన్ చేతులు కడుక్కుని గౌను వేసుకుని నిలబడ్డాక కూడా ఆపరేషన్ ఆగిపోయే థియేటర్లు బోలెడు. ఆపేది చాలాసార్లు ఆ గదిలో అన్నిటికంటే చవకైన వస్తువే.

అంకెలు ఒక్క ముక్కలో చెప్పేస్తాను. భద్రమైన, భరించగల సర్జరీ అందుబాటులో లేనివాళ్లు ప్రపంచంలో 500 కోట్లమంది అని అదే కమిషన్ లెక్క. ఏడాదికి జరిగే 31.3 కోట్ల ఆపరేషన్లలో, మూడోవంతు కంటే ఎక్కువ జనాభా ఉన్న అతి పేద దేశాలకి దక్కేది 6 శాతం. ఈ అంకెలు ప్రతి సదస్సులోనూ తెరమీదకొస్తాయి. ఆపరేషన్ పరికరాల మీద క్రిముల్ని ఆవిరితో చంపే ఆటోక్లేవ్‌కి వాషర్ ఎప్పుడు మార్చారన్న సంగతి ఏ తెరమీదా కనబడదు.

జిల్లా ఆసుపత్రి సత్తా తెలియాలంటే మూడు పనులు చేయగలదా అని చూస్తారు: సిజేరియన్, పొట్ట తెరిచి చేసే ఎమర్జెన్సీ ఆపరేషన్, ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికొచ్చిన కేసు. మొదటిదే తీసుకుందాం. మలావీలో ఒక జిల్లా ఆసుపత్రి, అర్ధరాత్రి దాటింది అనుకోండి. కాన్పు అడ్డం తిరిగింది, బిడ్డ గుండె వేగం పడిపోతోంది. కోసేది క్లినికల్ ఆఫీసర్, మత్తు ఇచ్చేది ఆ పనిలో శిక్షణ పొందిన ఇంకో క్లినికల్ ఆఫీసర్. ఇద్దరూ డాక్టర్లు కారు, కానీ ఈ పని వాళ్లకి బాగా వచ్చు. వెన్నులో 0.5 శాతం హెవీ బుపివకెయిన్ అనే మత్తుమందు రెండు మిల్లీలీటర్లు ఎక్కించి, వెంటనే పడుకోబెట్టి, కుడి తుంటి కింద మెత్త పెట్టి పొట్టని ఎడమ పక్కకి వాలుస్తారు. లేకపోతే గర్భసంచి బరువు పెద్ద రక్తనాళాన్ని నొక్కేస్తుంది.

అయిదు నిమిషాల్లో పై బీపీ 120 నుంచి 80కి దిగుతుంది. ఇది మామూలే. ముందే సిరంజిలో లాగి పెట్టుకున్న, బీపీ పెంచే ఎఫిడ్రిన్ 6 మిల్లీగ్రాములు ఇచ్చి, సెలైన్ వదిలితే లేస్తుంది. అసలు భయం ఇంకోటి. మత్తు అనుకున్నదానికంటే పైకి పాకుతుంది. ముందు ఆవిడ "చేతులు తిమ్మిరెక్కుతున్నాయి" అంటుంది. పిడికిలి బిగించమంటే బిగించలేదు. తర్వాత గొంతు సన్నబడుతుంది, మాట గుసగుస అవుతుంది, ఊపిరి ఆగుతుంది. ఇందులో చావాల్సినదేమీ లేదు. మాస్క్ పెట్టి, బ్యాగ్ నొక్కి ఊపిరి అందిస్తూ, కుదిరినప్పుడు గొంతులో గొట్టం వేసి, బీపీ నిలబెడుతూ ఉంటే మత్తు దానంతటదే దిగుతుంది. గంటో రెండు గంటలో పట్టొచ్చు. కావలసిందల్లా వేలికి పల్స్ ఆక్సీమీటర్, చేతికందే దూరంలో బ్యాగూ మాస్కూ, ఆక్సిజన్.

ఆక్సిజన్ దగ్గరే కథ అడ్డం తిరుగుతుంది. గోడ పక్కన, గాలిలోంచి ఆక్సిజన్‌ని వేరుచేసే కాన్సంట్రేటర్, నిమిషానికి అయిదు లీటర్లది, తిరుగుతూనే ఉంటుంది, ఫ్లోమీటర్‌లో గోళీ 5 దగ్గరే తేలుతుంది. కానీ గొట్టంలోంచి వచ్చేది ఎంత శుద్ధమో ఆ గోళీ చెప్పదు. కొత్త మెషీన్ దాదాపు 93 శాతం ఇస్తుంది. లోపల నైట్రోజన్‌ని పట్టేసే జియోలైట్ గుళికలకి తేమ తగిలినా, దుమ్ముతో ఫిల్టర్ మూసుకుపోయి కంప్రెసర్ అలసినా అది 70కో ఇంకా కిందకో పడిపోతుంది. 82 శాతం దాటి దిగితే అలారం మోగాలి, కానీ ఎప్పుడూ మోగుతోందని విసుగెత్తి తీగ పీకేసినవి ఉంటాయి. ఆక్సిజన్ ఎనలైజర్ అనే అరచేతి పరికరం పెట్టి చూస్తే నిమిషంలో తెలిసే విషయం ఇది. అది ఉన్న థియేటర్లు అరుదు.

కరెంటు పోయిందా, కాన్సంట్రేటర్ ఆగిపోతుంది. జనరేటర్ వేసే మనిషి లేచి రావాలి, డీజిల్ ఉండాలి. తిరిగి ఆన్ అయ్యాక కూడా సరైన శాతానికి రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ సందులో ఆదుకోవాల్సింది సిలిండర్. 680 లీటర్ల చిన్న సిలిండర్ నిమిషానికి 5 లీటర్ల చొప్పున రెండు గంటలు పైనే వస్తుంది. ఇంతకీ దాన్ని తెరిచే తాళం ఎక్కడుంది? వార్డు సిస్టర్ డ్రాయర్లో. అందుకే తాళాన్ని గొలుసుతో సిలిండర్‌కే కట్టాలి, రెగ్యులేటర్ బిగించే ఉంచాలి, డ్యూటీ మారినప్పుడల్లా తెరిచి ముల్లు చూడాలి. ఖర్చు ఒక గొలుసు. ఇవేవీ జరక్క ఆ తల్లి పోతే రిజిస్టర్లో "మత్తు వికటించి" అని రాస్తారు.

సిజేరియన్ సెట్టు సంగతీ ఇలాంటిదే. చాలా చోట్ల ఒక్కటే ఉంటుంది. మొదటి కేసు అయ్యాక కత్తెరలూ ఫోర్సెప్సులూ కడగాలి, ఆరబెట్టాలి, చుట్టాలి, ఆటోక్లేవ్ వేడెక్కాలి, 121 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉండాలి, ఇంకో అరగంట ఆరాలి, చల్లారాలి. ఎంత తొందరపడ్డా దాదాపు రెండు గంటలు. అప్పుడే రెండో తల్లి వస్తే, సర్జన్ ఉన్నాడు, మత్తు ఇచ్చే మనిషి ఉన్నాడు, బల్ల ఖాళీ, సెట్టు లేదు. తొందరలో ముందు తగ్గించేది ఆరబెట్టే సమయమే. తడి మూట బయటికి తీసి బల్ల మీద పెడితే, ఆ తడి గుండానే క్రిములు గుడ్డలోకి పాకుతాయి. అది క్రిమిరహితం కాదు, మూట బయట అంటించిన టేపు మీద వేడికి వచ్చే నల్లచారలు ఎంత చక్కగా వచ్చినా సరే. టేపు చెప్పేది మూటకి వేడి తగిలిందని మాత్రమే. ఆవిరి మూట మధ్యదాకా చేరిందో లేదో లోపల పెట్టే ఇండికేటర్ స్ట్రిప్ చెబుతుంది.

ఆటోక్లేవ్‌లో మిగతా తప్పులూ ఇంచుమించు అన్ని చోట్లా ఒకటే. స్విచ్ వేసినప్పటినుంచి టైము లెక్కపెడతారు. 121 చేరాక మొదలుపెట్టాలి. గిన్నెలు వెల్లకిలా పెడతారు, అందులో గాలి చిక్కుకుని ఆవిరి దిగదు. పక్కకి వాల్చి పెట్టాలి. గుడ్డలు పెట్టే డ్రమ్ము చిల్లులు లోపలికి వెళ్లేటప్పుడు తెరిచి ఉండాలి, బయటికి తీయగానే మూయాలి. చాలాసార్లు రివర్సులో జరుగుతుంది. ఛాంబర్ కిక్కిరిసేలా కుక్కుతారు. ఉప్పునీళ్లు పోస్తే ఎలిమెంటు మీద పొర పేరుకుని కాలిపోతుంది, ఆ ఎలిమెంటు దేశంలో దొరకదు. వాననీళ్లు పట్టుకుని వాడితే అదే ఎలిమెంటు ఏళ్లు వస్తుంది.

దొరకని ఎలిమెంటు అన్నాను కాబట్టి విరాళాల సంగతి కూడా చెప్పాలి. పేద దేశాల ఆసుపత్రుల్లో ఉన్న వైద్య పరికరాల్లో దాదాపు 40 శాతం పనిచేయడం లేదని 2011లో ఒక అధ్యయనం లెక్కతేల్చింది. 240 వోల్టుల దేశానికి 110 వోల్టుల మెషీన్ పంపుతారు, మాన్యువల్ ఉండదు, ప్రోబు ఉండదు. అన్నిటికంటే ముచ్చటైనవి మత్తు మెషీన్లు. ధనిక దేశాల మెషీన్ నడవాలంటే పైపులోంచి 4 బార్ ఒత్తిడితో ఆక్సిజన్ రావాలి. కాన్సంట్రేటర్ ఆ ఒత్తిడి ఇవ్వలేదు. దాంతో లక్షలు చేసే మెషీన్ దుప్పట్లు పెట్టుకునే బల్ల అవుతుంది. గదిలోని గాలినే లాక్కుని, దానికి కాన్సంట్రేటర్ ఆక్సిజన్ కలుపుకుని నడిచే డ్రా-ఓవర్ మెషీన్లు దశాబ్దాలుగా ఉన్నాయి, కరెంటు పోయినా చేత్తో నడుస్తాయి. అవి ఫొటోలో అంత అందంగా ఉండవు మరి.

కెటమిన్ విషయంలోనూ ఇదే గోల. మెషీన్ లేని చోట కిలోకి 1 నుంచి 2 మిల్లీగ్రాములు నరానికిస్తే ఆపరేషన్ చేయగలిగే మందు. బీపీ పడదు, ఊపిరి సాధారణంగా ఆగదు. దాన్ని అంతర్జాతీయ మాదకద్రవ్యాల పట్టీలో చేర్చాలని 2015లో ఐక్యరాజ్యసమితి కమిషన్ ముందు చైనా ప్రతిపాదించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు వద్దన్నారు కాబట్టి సరిపోయింది. లేకపోతే పార్టీల్లో పీల్చేవాళ్ల కోసం పల్లె ఆసుపత్రిలో కోత ఆగేది.

డబ్బు గురించి. ఆపరేషన్ ఉచితం అని బోర్డు ఉంటుంది. గ్లౌజులు, కుట్టుదారం, సెలైన్, యాంటిబయాటిక్ బయట కొనుక్కురమ్మని చీటీ రాస్తారు. ఆ చీటీ ఆరోగ్యాన్ని కూడా చెడగొడుతుంది, ఎలాగో చూడండి. సెఫజోలిన్ అనే యాంటిబయాటిక్ 2 గ్రాములు కోతకి ముందు గంటలోపు పడాలి, అప్పుడే పుండు చీము పట్టదు. భర్త మందుల షాపు వెతుక్కుంటూ వెళ్లి వచ్చేసరికి కోత అయిపోతుంది. దానికి పరిహారమన్నట్టు తర్వాత వారం రోజులు మాత్రలు రాస్తారు. అలా పొడిగించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది. ఖర్చు మాత్రం కుటుంబం మీద. సర్జరీ బిల్లు వల్లే ఏటా 3.3 కోట్లమంది ఆర్థికంగా చితికిపోతున్నారని కమిషన్ అంచనా. ప్రయాణం, తిండి ఖర్చులతో చితికేవాళ్లు ఇంకో 4.8 కోట్లు.

శిక్షణ ఎవరికివ్వాలన్నదానికి మొజాంబిక్ ఎప్పుడో దారి చూపింది. 1984 నుంచి డాక్టర్లు కానివాళ్లకి సర్జరీ నేర్పి జిల్లాలకి పంపుతోంది. ఏడేళ్ల తర్వాత చూస్తే వాళ్లలో 88 శాతం జిల్లా ఆసుపత్రుల్లోనే ఉన్నారు, అదే జిల్లాలకి పంపిన డాక్టర్లలో ఒక్కరూ మిగల్లేదు. సర్జన్ల సంఘాలకి ఇది రుచించదు. రుచించకపోతే వాళ్లే వెళ్లి జిల్లాలో ఉండొచ్చు.

ఇంకోమాట. పైన చెప్పిన 2018 అధ్యయనంలో ఆఫ్రికా రోగులు వయసులో చిన్నవాళ్లు, ఆరోగ్యంలో మెరుగైనవాళ్లు, అయినా ఆపరేషన్ తర్వాత చనిపోయేవాళ్లు ప్రపంచ సగటుకి రెట్టింపు. ఆ చావుల్లో 94 శాతం ఆపరేషన్ రోజు దాటాక జరిగినవే. రాత్రి వార్డు మొత్తానికి ఒక్క నర్సు ఉంటే, రక్తం కారుతున్న సంగతి తెల్లారాకే తెలుస్తుంది. మొదటి ఆరు గంటలు ఆపరేషన్ అయినవాళ్లందరినీ నర్సు బల్ల ఎదురుగా ఉన్న మంచాల్లో పెట్టి, ప్రతి పావుగంటకీ నాడి, బీపీ, ప్యాడు చూడటానికి కొత్త సర్జన్ అక్కర్లేదు.

ఇక "మేం ఏదైనా ఇవ్వాలనుకుంటున్నాం" అనేవాళ్లకి. కాన్సంట్రేటర్ ఇస్తే వోల్టేజ్ స్టెబిలైజర్, రెండేళ్లకి సరిపడా ఇన్‌టేక్ ఫిల్టర్లు, ఆక్సిజన్ ఎనలైజర్ కలిపి ఇవ్వండి. బయటి స్పాంజి ఫిల్టర్ వారానికోసారి సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరాకే పెట్టమని స్థానిక భాషలో కాగితం అంటించండి. మరమ్మతు చేసే టెక్నీషియన్ జీతం ఎవరిస్తారో ముందే అడగండి. ఎవరూ ఇవ్వడం లేదంటే మెషీన్ డబ్బు ఆ జీతానికే పెట్టండి. చేతిలో ఉన్నది తక్కువైతే సిజేరియన్ సెట్లు రెండు కొనిపెట్టండి.