పెరటి ప్రశ్నలు: ముందు ఆ బ్రష్షు పక్కన పెట్టండి

ప్రశ్న: మేడమ్, పెరట్లో చిన్న గ్రీన్‌హౌస్ కట్టుకుని పొడుగు రకం కీరా వేశాను. మొదట్లో కాయలు చక్కగా వచ్చాయి. లోపలికి తేనెటీగలు రావు కదా అని, బయటి పాదుకున్న మామూలు కీరా మగపువ్వులు తెచ్చి, రోజూ పొద్దున్నే బ్రష్షుతో నేనే పుప్పొడి అద్దడం మొదలుపెట్టాను. ఇప్పుడు కాయలు కొసన ఉబ్బి, బోర్లించిన సీసాల్లా తయారవుతున్నాయి. ఇంకా ఏం చేయమంటారు?

జవాబు: ఏమీ చేయొద్దమ్మా. ముందు ఆ బ్రష్షు పక్కన పెట్టండి.

మొదట్లో కాయలు చక్కగా వచ్చాయని మీరే రాశారు. అప్పటికి మీరు పుప్పొడి అద్దలేదు కదా! గ్రీన్‌హౌస్ కోసం తయారుచేసిన కీరా రకాలు చాలావరకు ఆడపువ్వులే పూస్తాయి, పుప్పొడి తగలకుండానే కాయలు కాస్తాయి. అందుకే ఆ కాయలో గట్టి గింజలుండవు. పుప్పొడి పడిందంటే గింజ కడుతుంది. ఆ గింజలు ఎక్కువగా పువ్వు ఉన్న కొసవైపే కడతాయి కాబట్టి కాయ అక్కడ ఉబ్బుతుంది. మీ కాయలకు జరిగింది అదే.

గుమ్మడి పాదుకు పువ్వు అద్ది అలవాటైన చేతులు ఊరుకోవు, నాకు తెలుసు. నేను బ్రష్షు పట్టలేదు కానీ అంతకన్నా తెలివైన పని చేశాను. లోపల వేడిగా ఉందని తలుపు తీసి పెట్టి, ఖాళీగా ఉందెందుకని ఆ తలుపు పక్కనే మామూలు కీరా పాదు పెట్టాను. తేనెటీగలు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు హాయిగా తిరిగాయి. కాయలు వంకరపోతుంటే ఎరువు తక్కువైందనుకుని నెలన్నర పాటు ఎరువు మీద ఎరువు వేశాను. ఆ తర్వాత తలుపుకి, గాలి కిటికీలకి సన్నటి వల కట్టి, బయటి పాదు పీకేశాక గానీ కాయ తిన్నగా రాలేదు.

ఒక్క జాగ్రత్త. విత్తనాల ప్యాకెట్ మీద ‘అన్నీ ఆడపువ్వులే’ అని ఉంటే సరిపోదు. ఆడపువ్వులే పూసినా పుప్పొడి లేనిదే కాయని రకాలు కూడా ఉన్నాయి. అలాంటి ప్యాకెట్లలో మగపువ్వుల కోసం రంగు పూసిన గింజలు కొన్ని కలిపి పెడుతుంటారు. పరాగ సంపర్కం అక్కర్లేదని స్పష్టంగా రాసి ఉన్నదే మూసిన గ్రీన్‌హౌస్‌కి పనికొస్తుంది.

ప్రశ్న: ప్రతి కణుపు దగ్గరా పిందె వేస్తోంది. కానీ సగం పిందెలు వేలెడంత కాగానే పసుపురంగుకి తిరిగి ఎండిపోతున్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ పడకండి, మొక్క తన లెక్క తాను చూసుకుంటోంది. మోయలేనన్ని పిందెలు వేస్తే కొన్నిటిని తనే వదిలేస్తుంది. ఆ పని మొక్కకంటే ముందు మీరు చేయండి. పైకప్పు నుంచి తాడు వేలాడదీసి, ఒక్క తీగనే దాని చుట్టూ తిప్పుతూ పైకి పోనివ్వండి. మోకాలి ఎత్తు వరకు పువ్వు, పిందె, పక్కకొమ్మ ఏదీ ఉంచొద్దు. తొలి పిందెలు గిల్లేయడానికి చెయ్యి రాదు, నిజమే. కానీ వాటిని ఉంచితే వేరు, ఆకు బలపడకముందే బలమంతా కాయకి పోతుంది. ఆ పైన కణుపుకో కాయ చాలు. తీగ పైకప్పు అందుకున్నాక కొస తుంచి, రెండు పక్కకొమ్మల్ని గొడుగులా కిందికి వాలనిస్తే కాపు ఇంకొన్నాళ్లు సాగుతుంది.

పగలు 24 నుంచి 28 డిగ్రీలు, రాత్రి 18కి తగ్గకుండా ఉంటే కీరా సుఖంగా ఉంటుంది. 35 దాటితే పిందెలు నిలవడం కష్టం. గ్రీన్‌హౌస్‌లో థర్మామీటర్ లేకపోతే ఇవాళే పెట్టండి.

ప్రశ్న: కాయలు చేదెక్కుతున్నాయి. విత్తనం మోసమా?

జవాబు: విత్తనం కంటే ముందు నీళ్లని అనుమానించండి. కీరా వేళ్లు పైపైనే ఉంటాయి. ఒకరోజు ఎండగట్టి మర్నాడు ముంచెత్తితే, దానికి వేడి కూడా తోడైతే చేదు పెరుగుతుంది. రోజూ కొంచెం కొంచెంగా పెట్టండి. చేదు తొడిమ వైపు, తొక్క కింద ఎక్కువ. అటువైపు ఒక అంగుళం కోసి పారేసి, తొక్క తీసి రుచి చూడండి. అప్పటికీ బాగా చేదుగా ఉంటే తినొద్దు, కడుపు పాడవుతుంది.

ప్రశ్న: ఒకేసారి పదిహేను కాయలు వచ్చాయి. ఫ్రిజ్‌లో పెడితే వారానికే జిగురు జిగురుగా అయిపోయాయి. ఎలా దాచాలి?

జవాబు: కీరాకి ఫ్రిజ్ చలి ఎక్కువ. దానికి సరిపోయేది 10 నుంచి 12 డిగ్రీల చల్లదనం. ఇళ్లలో ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర ఉంటుంది. రెండు మూడు రోజులు ఓర్చుకుంటుంది. ఆ తర్వాత తొక్క మీద చిన్న చిన్న గుంటలు పడి, నీరు ఊరినట్టు మెత్తబడుతుంది.

పోయిన చలికాలం ఒకే పొద్దున కోసిన మూడు కాయలతో ఆడుకున్నాను. ఒకటి ఫ్రిజ్ అడుగున పెట్టాను. ఒకటి వంటింటి గట్టు మీద, అరటిపళ్ల పక్కన. మూడోది పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ బిగుతుగా చుట్టి సామాన్ల గదిలో చల్లటి మూల. అరటిపళ్ల పక్కనున్నది నాలుగో రోజుకే పసుపెక్కింది. మాగే పళ్లు వదిలే ఇథిలీన్ వాయువు పని అది. ఆపిల్, టమాటా పక్కన పెట్టినా అంతే. ఫ్రిజ్‌లోది మీ కాయల్లాగే అయింది. ఫిల్మ్ చుట్టినది పదో రోజున కూడా కోస్తే కరకరలాడింది. ఈ రకం తొక్క పల్చన, నీరు త్వరగా పోయి వడలిపోతుంది. దుకాణాల్లో ఒక్కో కాయకీ ఫిల్మ్ చుట్టి అమ్మేది అందుకే.

అంత చల్లటి చోటు లేకపోతే ఫిల్మ్ చుట్టిన కాయల్ని ఫ్రిజ్ తలుపు అరలో పెట్టి మూడు రోజుల్లో వాడేయండి. కడిగి దాచొద్దు, వాడే ముందు కడగండి. ఫ్రీజర్ మాట మర్చిపోండి. అందులో 95 శాతం నీరే, గడ్డకట్టి కరిగాక మిగిలేది గుజ్జు.

తీగ మీదే ఉంచి దాచుకుందామని మాత్రం అనుకోకండి. ముదిరిన కాయ ఒకటి వేలాడుతుంటే కొత్త పిందెల ఊపు తగ్గుతుంది. పువ్వు విచ్చిన 10 నుంచి 14 రోజుల్లో కాయ కోతకొస్తుంది. రోజు విడిచి రోజు పొద్దున్నే, లాగకుండా కత్తెరతో, కొంచెం తొడిమ ఉంచి కోయండి. అప్పుడు పదిహేను ఒకేసారి మీద పడవు.

ప్రశ్న: గ్రీన్‌హౌస్ కీరా గింజలు వచ్చే పంటకి దాచుకోవచ్చా?

జవాబు: ఏ గింజలండీ? ఒక కాయ నిలువునా కోసి చూడండి. మొదటి ప్రశ్న అడిగిన అమ్మాయి దగ్గరైతే సీసా కాయల నిండా ఉంటాయి. కానీ తల్లి సంకరజాతి, తండ్రి బయటి పాదు. వాటిని వేస్తే ఏం కాస్తుందో చెప్పలేం.