మూడు రోజులు కళాశాల, మూడు రోజులు స్టోరు: మరి గురువారం ఎవరిది?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో అప్రెంటిస్‌షిప్‌తో కూడిన బీబీఏ రిటైలింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. సోమ, మంగళ, బుధవారాల్లో కళాశాల ఉంటుంది. శుక్ర, శని, ఆదివారాల్లో కూకట్‌పల్లిలోని ఒక స్టోరులో పనిచేస్తాను. నెలకు 10,000 రూపాయల స్టైపెండ్ వస్తే అందులో 4,000 ఇంటికి పంపుతున్నాను. రెండో సెమిస్టరులో బిజినెస్ స్టాటిస్టిక్స్ తప్పాను. ఇప్పుడు దసరా రద్దీ కాబట్టి గురువారం కూడా రమ్మని మేనేజర్ అడుగుతున్నారు. మామూలు బీకాంకు మారిపొమ్మని నాన్న అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఇప్పుడే కోర్సు మారవద్దు. ఒక్క పేపరు తప్పినంత మాత్రాన ఈ చదువు మీకు సరిపడదని అనుకోవడానికి లేదు. అయితే మీ ఉత్తరంలో నన్ను ఆలోచింపజేసింది తప్పిన పేపరు కాదు, గురువారం. వారంలో కళాశాలకూ స్టోరుకూ చెందకుండా మిగిలిన రోజు అదొక్కటే. దాన్ని కూడా ఇచ్చేస్తే మీరు ఎంత పట్టుదల గల మనిషైనా చదువు సాగదు.

లెక్క వేసి చూడండి. స్టోరులో రోజుకు 9 గంటల చొప్పున 27, కళాశాలలో రోజుకు 6 గంటల చొప్పున 18, రానుపోను ప్రయాణాలకు మరో 9, మొత్తం 54 గంటలు. నిద్రకు 49, తిండికీ స్నానానికీ బట్టలు ఉతుక్కోవడానికీ రోజుకు 3 చొప్పున 21 తీసేసినా, వారంలోని 168 గంటల్లో ఇంకా 44 మిగలాలి. ఇంత సమయం ఉండి కూడా చదవలేకపోతున్నానని చాలామంది విద్యార్థులు తమను తామే నిందించుకుంటారు. నిజానికి ఆ 44 గంటల్లో ఎక్కువ భాగం అరగంటలుగా, గంటలుగా చెల్లాచెదురై ఉంటుంది. పైగా రోజంతా బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడి రాత్రి హాస్టల్‌కు చేరిన వ్యక్తికి ఆ గంట చదువుకు పనికిరాదు. వరుసగా నాలుగైదు గంటలు కూర్చుని లెక్కలు చేసుకోవడానికి మీకు వీలున్నది గురువారం ఉదయమే.

ఇక మేనేజర్‌ను ఎలా కాదనాలన్న సంకోచం. మీరు ఆ స్టోరుకు జీతగాళ్లు కారు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టంలోని 18వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్ అంటే శిక్షణార్థి, కార్మికుడు కాదు. దీనివల్ల కార్మికులకు ఉండే కొన్ని రక్షణలు మీకు వర్తించని మాట నిజమే కానీ, అదే చట్టంలోని 15వ సెక్షన్ మీ పక్షాన ఉంది. అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ (ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించే అధికారి) అనుమతి లేకుండా అప్రెంటిస్ చేత ఓవర్‌టైమ్ చేయించకూడదు. ఆ అదనపు పని శిక్షణకో ప్రజా ప్రయోజనానికో ఉపయోగపడుతుందని నమ్మకం కుదిరితే తప్ప ఆయన అనుమతి ఇవ్వకూడదు. పండుగ రద్దీలో చేతులు చాలకపోవడం ఆ రెండింటిలోకీ రాదని నా అభిప్రాయం. గురువారం డ్యూటీ ఓవర్‌టైమ్ అవుతుందా కాదా అన్నది మీ ఒప్పందంలో శిక్షణ రోజులు, వేళలు ఎలా రాశారన్న దాన్ని బట్టి ఉంటుంది కనుక, ముందుగా ఆ కాగితం తీసి చదవండి. సంతకం చేసిన రోజు తర్వాత దాన్ని మళ్లీ చూడని వాళ్లే ఎక్కువ. ఒకవేళ మీ దగ్గర ఉన్నది నమోదైన అప్రెంటిస్‌షిప్ ఒప్పందం కాక, స్టోరు ఇచ్చిన మామూలు ఉత్తరం మాత్రమే అయితే, ఆ సంగతి వెంటనే కళాశాల కోఆర్డినేటర్‌కు చెప్పండి. అలాంటప్పుడు మీరు చేస్తున్నది పార్ట్‌టైమ్ ఉద్యోగం అయ్యే ప్రమాదముంది, మీ క్రెడిట్లకే (డిగ్రీ పూర్తికి లెక్కలోకి వచ్చే పాయింట్లకే) చిక్కు రావచ్చు.

అలాగని చట్టం పేరెత్తి మాట మొదలుపెట్టకండి. స్టోరులో రోస్టర్ (డ్యూటీల పట్టిక) వేసేవారికి మీ ఇంటర్నల్ పరీక్షల తేదీలు తెలియవు, మీ అధ్యాపకులకు స్టాక్ టేకింగ్ (సరుకు లెక్కింపు) ఏ రాత్రి జరుగుతుందో తెలియదు. రెండు క్యాలెండర్లూ తెలిసిన మనిషి మీరొక్కరే. అందుకే సెమిస్టరు మొదట్లోనే పరీక్షల తేదీలన్నీ ఒక కాగితం మీద రాసి మేనేజర్‌కు ఇవ్వడం, వాటినే వాట్సాప్‌లో కూడా పంపి ఉంచడం మీ బాధ్యత. దసరా విషయంలో ఇలా అడిగి చూడండి: "సర్, గురువారాలు నేను రాలేను, తప్పిన పేపరుకు చదువుకునేది ఆ రోజే. పండుగకు ముందు ఆదివారం రద్దీ ఎక్కువుండే షిఫ్ట్ వేయండి, చేస్తాను. ఇంటర్నల్స్ ఉన్న వారంలో మాత్రం శుక్రవారం వదిలిపెట్టండి, తర్వాత సర్దుబాటు చేస్తాను." బదులు చూపిస్తూ అడిగిన వాళ్లను కాదనడం మేనేజర్లకు కష్టం. అప్పటికీ ఒప్పుకోకపోతే మీరు వాదించవద్దు, కోఆర్డినేటర్ చేత మాట్లాడించండి. అవసరమైతే స్టోరు మార్చమని కూడా అడగవచ్చు.

స్టాటిస్టిక్స్ సంగతికి వస్తే, మామూలు డిగ్రీ విద్యార్థులకు లేని వెసులుబాటు మీకుంది. జేబులో చిన్న నోటుపుస్తకం పెట్టుకుని, శుక్రవారం నుంచి ఆదివారం దాకా మీ కౌంటర్‌లో గంటకు ఎన్ని బిల్లులు పడ్డాయో రాసుకోండి. మూడు వారాలకు 80 దాకా అంకెలు పోగవుతాయి. గురువారం వాటితోనే సగటు, మధ్యగతం, ప్రామాణిక విచలనం కట్టండి. శుక్రవారం మధ్యాహ్నం బిల్లులు సగటు చుట్టూనే తిరుగుతుంటే ఆదివారం సాయంత్రం ఎందుకు అంత చెదిరిపోతాయో అంకెల్లో కనిపించాక, విచలనం సూత్రాన్ని బట్టీ పట్టాల్సిన పని ఉండదు. అమ్మకాల రూపాయలు, కస్టమర్ల ఫోన్ నంబర్లు మాత్రం రాయకండి. అవి స్టోరు బయటికి తేకూడనివి. ప్రాజెక్టు రిపోర్టుకు ఇంకా వివరాలు కావాలంటే మేనేజర్ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. యూజీసీ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి డిగ్రీల్లో మొత్తం క్రెడిట్లలో కనీసం 20 శాతం అప్రెంటిస్‌షిప్‌కు ఇవ్వాలని అప్పట్లో నిర్దేశించారు. అంటే 150 క్రెడిట్ల డిగ్రీలో 30. స్టోరు పని కూడా మీ సిలబస్‌లో భాగమే కాబట్టి దాన్ని చదువుకు శత్రువుగా చూడనవసరం లేదు.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి కూకట్‌పల్లికి మెట్రోలో రైలు మారకుండా వెళ్లవచ్చు. ఆ ముప్పావు గంటలో సీటు దొరికితే మార్కెటింగ్ లాంటి థియరీ నోట్సు తిరగేయండి, దొరకకపోతే ఊరుకోండి. వచ్చేటప్పుడు అసలు పుస్తకమే తీయవద్దు.

నాన్నగారి మాట కొట్టిపారేయదగ్గది కాదు. కూతురు అలసిపోతోందని ఆయనకు తెలుస్తోంది. అయితే రెండో సంవత్సరం మధ్యలో బీకాంకు మారితే విశ్వవిద్యాలయం అనుమతి కావాలి, ఇక్కడ చదవని అక్కడి పేపర్లు అదనంగా రాయాల్సి రావచ్చు, స్టైపెండ్ ఆగిపోతుంది. మీరు ఇంటికి పంపే 4,000 మీ కుటుంబానికి ఎంత అవసరమో ఆయనతో విడమరచి మాట్లాడండి. ఈ సెమిస్టరు వరకైనా 2,000 పంపి మిగతాది చేతిలో ఉంచుకోగలిగితే, డబ్బు కోసం అదనపు షిఫ్టులు ఒప్పుకోవలసిన ఒత్తిడి మీకు తగ్గుతుంది. శిక్షణ ముగిశాక స్టోరు మిమ్మల్ని ఉద్యోగంలోకి తీసుకుంటుందన్న హామీ కూడా మీ ఒప్పందంలో రాసి ఉంటే తప్ప ఉండదు. మేనేజర్ మెప్పు కోసం పేపరు వదులుకోవడం ఆ లెక్కన కూడా గిట్టదు. ఆరోగ్యం దెబ్బతింటే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి నాన్నగారి మాటే వినండి.

చివరగా ఒక చిన్న విషయం. తప్పిన పేపరుకు పరీక్ష ఫీజు కట్టే గడువు నోటీసు బోర్డు మీద పెట్టిన రోజు మీరు స్టోరులో ఉండవచ్చు. ఇలా గడువు దాటిపోయి ఒక్క పేపరు కోసం నెలల తరబడి ఆగిన వాళ్లను చూశాను. నోటీసు పడగానే ఫొటో తీసి పంపమని తరగతిలో ఒక స్నేహితురాలికి ఈ వారమే చెప్పి ఉంచండి. ఫీజు డబ్బు కూడా విడిగా తీసిపెట్టండి.