బాల్యంలో హింసకు గురైనవారు సైకోపాత్‌లు అవుతారా?

నాన్న చేతిలో దెబ్బలు తిని పెరిగిన మీ తమ్ముడు ఇప్పుడు ఎవరు ఏడ్చినా చలించడం లేదని, ఇతరుల బాధ పట్టని, పశ్చాత్తాపం లేని సైకోపాత్‌గా మారాడేమోనని భయంగా ఉందని అడిగారు. మా ఇంట్లోనూ ఇదే అనుమానం చాలాకాలం నడిచింది కనుక తెలిసినంతవరకు రాస్తున్నాను.

మా నాన్న బెల్టు తీసినప్పుడల్లా అన్నయ్య తల వంచుకుని గచ్చు మీది షాబాదు బండలను లెక్కపెడుతూ నిలబడేవాడు. ఏడిస్తే దెబ్బలు పెరుగుతాయని తెలిశాక, తొమ్మిదో ఏటికల్లా ఏడవడమే మానేశాడు. పెద్దయ్యాక నాన్న చితికి నిప్పు పెట్టినప్పుడు కూడా అన్నయ్య కంట చుక్క నీరు రాలేదు. బంధువులు రాతిగుండె అన్నారు, నేనూ అలాగే అనుకున్నాను. ఆ మరుసటి ఏడు అన్నయ్య కూతురికి టీకా వేయించడానికి వెళ్లాము. నర్సు సూది తీయగానే అన్నయ్య గోడవైపు తిరిగిపోయాడు. దగ్గరికి వెళ్లి చూస్తే పెదవులు కదులుతున్నాయి. నేల మీది పలకలను లెక్కపెడుతున్నాడు. చిన్నప్పుడు భయాన్ని తట్టుకోవడానికి నేర్చుకున్న పద్ధతినే మేము ఇన్నాళ్లూ జాలి లేకపోవడం అనుకున్నామని అప్పుడు అర్థమైంది.

ఈ తేడాను అమెరికా మనోవైద్యుడు బెన్ కార్ప్‌మన్ 1941లోనే గుర్తించాడు. పుట్టుకతోనే అపరాధ భావన, ఆందోళన కొరవడినవారిని ఒక రకంగా, లోపలి సంఘర్షణ వల్ల అలా తయారైనవారిని మరో రకంగా ఆయన విడదీశాడు. తరువాత కెనడా మనస్తత్వవేత్త రాబర్ట్ హేర్ సైకోపతీని, అంటే సైకోపాత్ లక్షణాలను, కొలవడానికి రూపొందించిన పరీక్షలో 20 లక్షణాలకు 40 మార్కులు ఉంటాయి. వాటిలో పశ్చాత్తాపం లేకపోవడం, తియ్యటి మాటలతో మోసగించడం వంటివి ఒక గుంపు. ఆవేశం, బాధ్యతారాహిత్యం, చిన్ననాటి నుంచే తగాదాలు మరో గుంపు. బాల్యంలోని హింసకు ఎక్కువ సంబంధం కనిపించేది ఈ రెండో గుంపుతోనే. ఆ మార్కులను శిక్షణ పొందిన నిపుణులు రికార్డులు చూసి, మనిషితో మాట్లాడి వేస్తారు. దయచేసి ఇంట్లో కూర్చుని మీ తమ్ముడికి వేయకండి.

హింస ప్రభావం తక్కువేమీ కాదు. అమెరికాలో కోర్టు రికార్డులకెక్కిన 908 మంది బాధిత పిల్లలను పరిశోధకురాలు క్యాథీ విడమ్ పరిశీలించి 1989లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, పెద్దయ్యాక అరెస్టయినవారు వారిలో సుమారు 29 శాతం, హింసకు గురికానివారిలో 21 శాతం. అరెస్టు కావడమూ సైకోపతీ ఒకటి కావు, అయినా ఆ మిగిలిన 71 శాతం మందిని నేను మరచిపోలేను.

మనోవైద్యుణ్ని కలిసినప్పుడు సైకోపాత్ అన్న మాటతో మొదలుపెట్టకుండా, దెబ్బలు ఏ వయసులో మొదలయ్యాయో, ఎప్పటినుంచి ఏడవడం మానేశాడో, నిద్ర ఎలా పడుతోందో, చిన్న చప్పుడుకు ఉలిక్కిపడతాడో లేదో చెప్పండి. వెంటనే వెళ్లడం కుదరకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. మా అన్నయ్యను ఒప్పించడానికి నాకు ఏడాది పట్టింది. గదిలోకి నేను కూడా వస్తానంటేనే బయలుదేరాడు.