వెల్డింగు పక్కన తుప్పు: లేజరు మాట నమ్మాలా, ఎక్స్-రే మాట నమ్మాలా?

ప్రశ్న: రాయగడలో మాకు చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు ఉంది. 304 ఎల్ స్టెయిన్‌లెస్ స్టీలు అని కొన్న ప్లేటుతో ఒక ట్యాంకు కట్టి ఇచ్చాం. ఏడాది తిరగకుండానే జాయింటుకు ఇరువైపులా తుప్పు గీతలు పడ్డాయి. తనిఖీకి వచ్చిన ఇంజనీరు చేతిలో పట్టుకునే లేజరు యంత్రంతో చూసి, కర్బనం 0.05 శాతం ఉందన్నారు. సరుకు అమ్మిన వ్యాపారి తన ఎక్స్-రే యంత్రంలో క్రోమియం, నికెల్ అంకెలు చూపించి, ప్లేటులో దోషం లేదంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: రెండు యంత్రాలూ నిజమే చెప్పి ఉండవచ్చు, కాని మీ తగాదాకు సంబంధించిన సంగతి చెప్పగలిగేది లేజరు యంత్రమే. 304కూ 304 ఎల్‌కూ క్రోమియం, నికెల్ పాళ్లు దాదాపు ఒకటే. తేడా కర్బనంలో ఉంది: 304 ఎల్‌లో అది 0.03 శాతం మించకూడదు. తేలిక మూలకమైన కర్బనం వెలువరించే బలహీనమైన ఎక్స్-కిరణాలను గాలీ, యంత్రపు కిటికీ పొరా పీల్చుకుంటాయి కనుక, చేతి ఎక్స్-రే యంత్రానికి అది కనబడదు.

కర్బనం ఎక్కువైతే, వెల్డింగులో 450 నుంచి 850 డిగ్రీల వేడి తగిలిన మేర అది క్రోమియంతో కలిసి లోహపు రేణువుల అంచుల్లో కార్బైడుగా చేరుతుంది. అంచుల పక్కన క్రోమియం తగ్గి, అక్కడే తుప్పు మొదలవుతుంది. మీ గీతలు జాయింటుకు కొన్ని మిల్లీమీటర్ల ఎడంగా, దానికి సమాంతరంగా ఉంటే ఈ అనుమానం బలపడుతుంది. జాయింటు మీదే మచ్చలుగా ఉంటే, మామూలు ఇనుముకు వాడిన వైరు బ్రష్షుతో రుద్దడం కూడా కారణం కావచ్చు.

లేజరు యంత్రం అతి స్వల్పకాలపు కాంతి మెరుపుతో లోహపు ఉపరితలాన్ని చిటికెడు కన్నా ఎన్నో రెట్లు తక్కువగా ఆవిరి చేసి, వేల డిగ్రీల ప్లాస్మాగా, అంటే వెలుగు చిమ్మే వేడి వాయువుగా మారుస్తుంది. ఆ వెలుగును విడగొట్టినప్పుడు 193 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర వచ్చే కర్బనపు కాంతి గీత తీవ్రతను బట్టి కర్బనాన్ని లెక్కిస్తారు. ఆ అతినీలలోహిత కాంతిని గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి, కొలిచే చోట ఆర్గాన్ వదలాలి.

అసలు జాగ్రత్త ఉపరితలంతోనే. లేజరు తాకేది పైపొరనే గనుక, నూనె, రంగు, చివరికి వేలిముద్ర కూడా లేని కర్బనాన్ని చూపిస్తాయి. శుభ్రం చేయడానికి సిలికాన్ కార్బైడు డిస్కు వాడినా అంతే, ఎందుకంటే ఆ డిస్కులోనే కర్బనం ఉంది. అల్యూమినా లేదా జిర్కోనియా డిస్కుతో తాజా లోహం కనబడేదాకా గ్రైండ్ చేయించండి. జాయింటుకు దూరంగా నాలుగైదు చోట్ల కొలిచి, సగటు తీయాలి. అదే పూట, కర్బనం ఎంతో ముందే ధ్రువపరచిన 304 ఎల్ నమూనాను కూడా కొలిపించి, యంత్రం సరైన అంకె చూపుతోందో లేదో చూడాలి. ఇవి చేశారా అని ఇంజనీరు గారిని తప్పక అడగండి, 0.03కూ 0.05కూ మధ్య తేడా చాలా చిన్నది.

వ్యాపారితో తేల్చుకోవడానికి మాత్రం, అదే ప్లేటు నుంచి మిగిలిన ముక్కను హీట్ నంబరు (ఆ లోహం ఏ పోతలో తయారైందో తెలిపే గుర్తు) చెరిగిపోకుండా దాచి, విశాఖలోనో భువనేశ్వర్‌లోనో గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపండి. అక్కడ డ్రిల్ పొట్టును ఆక్సిజన్‌లో కాల్చి, వెలువడిన కార్బన్ డయాక్సైడును పరారుణ కాంతితో కొలిచి కర్బనం తేలుస్తారు. ఆ రిపోర్టును ప్లేటుతో ఇచ్చిన టెస్ట్ సర్టిఫికెట్ పక్కన పెట్టి మాట్లాడండి.